తోటి టెక్నీషియన్ ఫాల్టు మీదున్నప్పుడు పక్కన ఎట్లా నిలబడాలి?

అడిగింది ఇదీ: చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీ, సీజను నడుమ, రాత్రి షిఫ్టు. స్టెరిలైజర్‌లో టెంపరేచర్ నిలబడక, వేడి చాలని పల్పును వెనక్కి పంపే డైవర్ట్ వాల్వు మాటిమాటికీ తిరిగిపోతోంది. ఇన్‌స్ట్రుమెంట్ చూసే కుర్రాడు రెండు గంటలుగా ప్యానెల్ ముందే ఉన్నాడు. వెనక సూపర్‌వైజరు, జేబులో మేనేజరు నుంచి మోగుతున్న ఫోను, గేటు బయట బెంగళూరా కాయల ట్రాక్టర్లు. "ఏమన్నా సాయం కావాలా" అంటే "వద్దులే అన్నా, నేను చూసుకుంటా" అంటున్నాడు. అట్లాంటప్పుడు ఏం చేస్తే సాయం, ఏం చేస్తే అడ్డం?

అతను వద్దన్నది మీ ప్రశ్నని. మీ సాయాన్ని ఇంకా వద్దనలేదు. "ఏమన్నా సాయం కావాలా" అనే మాట మర్యాదగానే ఉంటుంది గానీ, ఫాల్టు మీదున్న మనిషికి అదొక కొత్త పని. జవాబు చెప్పాలంటే చేస్తున్నది ఆపాలి, ఇంకా ఏమేం చూడాలో లెక్కేసుకోవాలి, అందులో మీకు అప్పగించదగ్గది ఏదో ఎంచాలి, అది మీకు అర్థమయ్యేట్టు చెప్పాలి. అంత కన్నా "వద్దులే" అనేయడం సులువు. ఎవరైనా అదే అంటారు.

పని పేరు, ఎంతసేపు, ఏం తెచ్చి చెప్తారు, ఈ మూడూ మీ నోటి నుంచే రావాలి. "బాయిలర్ హెడర్ ప్రెషరూ, స్టీమ్ వాల్వు తర్వాత ప్రెషరూ రెండూ చూసొస్తా. ఐదు నిముషాలు. పోనా?" దీనికి తల ఊపితే చాలు. వద్దనుకుంటే కూడా "అది చూసేసినా" అంటాడు. ఆ ఒక్క మాటతో అతను ఏది చూశాడో మీకు తెలిసిపోతుంది.

ఎప్పుడు నోరు తెరవాలన్నది కూడా ముఖ్యమే. రెండు చేతుల్లో మీటరు ప్రోబులు పట్టుకుని టెర్మినల్ మీద ఆనించి ఉన్నప్పుడు, స్క్రీను మీద నంబరు మారడం కోసం కళ్ళప్పగించి చూస్తున్నప్పుడు మాట్లాడకండి. ప్రోబు పక్కన పెట్టిన క్షణం, డ్రాయింగ్ పేజీ తిప్పిన క్షణం, అదీ సందు. అంతవరకూ అతనికి కనబడేట్టు పక్కగా నిలబడండి. వెనక నిలబడితే ఇంకో మేనేజరు వచ్చినట్టే ఉంటుంది.

ఇక ఏ పని అడిగి తీసుకోవాలి? దీనికొక గీత గీసుకోండి: చూసే పని మీది, తిప్పే పని అతనిది. గేజీ చదవడం, స్టీమ్ ట్రాప్ (స్టీమ్ చల్లారి అయిన నీళ్ళను బయటికి వదిలేది) వేడి చూడడం, స్క్రీనులో ట్రెండ్ (గడిచిన రీడింగుల గీత) వెనక్కి జరిపి చూడడం, స్పేరు తెచ్చి పెట్టడం, ఇవన్నీ మీరు చేయొచ్చు. వాల్వు తిప్పడం, సెట్‌పాయింటు మార్చడం, వైరు ఊడదీయడం అతని చేతిలోనే ఉండాలి. లేదా అతను నోటితో చెప్పాకే మీ చెయ్యి కదలాలి. ఇద్దరు రెండు చోట్ల తిప్పితే టెంపరేచర్ సర్దుకున్నా దేనివల్ల సర్దుకుందో తెలియదు, తెల్లవారేలోగా అదే ఫాల్టు మళ్ళీ వస్తుంది. ప్లాంటులో ఎక్కువ సమయం తినేది ఈ రెండు చేతుల గోలే.

మీ స్టెరిలైజర్ సంగతికే వద్దాం. ట్యూబులార్ మెషీన్లలో ఎక్కువ వాటిలో స్టీమ్ నేరుగా పల్పును వేడి చేయదు. స్టీమ్ ఒక నీళ్ళ లూపును వేడి చేస్తుంది, ఆ వేడినీళ్ళు పల్పును వేడి చేస్తాయి. మీదీ అట్లాంటిదే అయితే, అన్నిటికన్నా ముందు తెచ్చి చెప్పాల్సిన సంగతి ఒకటే: పల్పు టెంపరేచర్ పడినప్పుడు నీళ్ళ టెంపరేచర్ కూడా పడిందా, లేదా? ట్రెండ్ స్క్రీనులో రెండు గీతలనీ ఒకదాని మీద ఒకటి పెట్టి, గత రెండు గంటలూ చూడండి. ప్యానెల్ ముందు అతను ఉంటే సూపర్‌వైజరు కంప్యూటర్లో చూడండి, అతన్ని లేపొద్దు.

నీళ్ళూ పడుతుంటే గొడవ స్టీమ్ వైపు. అప్పుడు మీరు నడిచి చూసి రాదగ్గవి చాలా ఉన్నాయి. హెడర్ (బాయిలర్ నుంచి స్టీమ్ పంచే పెద్ద పైపు) ప్రెషరు, వాల్వు తర్వాత ప్రెషరు, కంట్రోలర్ ఎంత శాతం తెరవమంటోంది, వాల్వు కాడ (స్టెమ్) నిజంగా ఎంత తెరుచుకుంది. కంట్రోలర్ 90 అంటుంటే కాడ సగంలో ఆగి ఉంటే ఎయిర్ ప్రెషరు, పొజిషనర్ (గాలితో వాల్వును చెప్పినంత తెరిచేది) చూడాలి. కాడ పూర్తిగా తెరుచుకునే ఉంది, హెడర్ పడిపోతోంది అంటే బాయిలర్ దగ్గర అడగాలి: అదే సమయానికి ఇంకెవరైనా స్టీమ్ లాగుతున్నారా అని. సీఐపీ (పైపులు విప్పకుండా లోపల కడగడం) ట్యాంకు వేడి పెట్టి ఉండొచ్చు. 3 బార్ గేజీ దగ్గర స్టీమ్ దాదాపు 143 డిగ్రీలు, 2 బార్ దగ్గర దాదాపు 133. ఆ పది డిగ్రీలు పోతే వాల్వు ఎంత తెరిచినా నీళ్ళకు చాలినంత వేడి అందదు. ట్రాపు దగ్గర కండెన్సేట్ (చల్లారిన స్టీమ్ నీళ్ళు) నిలిచినా ఇంతే. ట్రాపుకు ముందు పైపు వేడిగా ఉండాల్సింది చల్లబడి ఉంటే అనుమానించండి. దాన్ని థర్మామీటరు గన్నుతో చూడండి, చేత్తో కాదు. మెరిసే స్టీలు పైపు మీద ఆ గన్ను తక్కువ చూపిస్తుంది, కొంచెం నల్ల టేపు అంటించి దాని మీద కొట్టండి.

నీళ్ళు నిలకడగా ఉండి పల్పు ఒక్కటే పడుతుంటే దారి వేరు. తిరిగొచ్చే నీళ్ళ టెంపరేచర్ చూడండి. అది మామూలు కన్నా ఎక్కువగా ఉండి, పంపు ప్రెషరు కూడా పెరుగుతూ వస్తుంటే ట్యూబుల లోపల పల్పు పొర పేరుకుంది. వేడి దాటడం లేదు. దానికి ఎలక్ట్రికల్‌గా చేసేదేమీ లేదు, సీఐపీ పెట్టాల్సిందే. తిరిగొచ్చే నీళ్ళు మామూలు కన్నా చల్లగా ఉంటే పల్పు ఎక్కువ పోతోంది, పంపు స్పీడు ఎవరైనా పెంచారా చూడాలి. వేగంగా ముగించాలని ప్రొడక్షన్ వాళ్ళు పెంచి చెప్పకపోవడం సీజనులో మామూలే.

మూడోది, సెన్సరు అబద్ధం చెప్పడం. నాకైతే పల్ప్ ప్లాంటులో మొదటి అనుమానం దీని మీదే ఉంటుంది, ఎందుకంటే అక్కడ పైపు పట్టుకుని మెషీన్లన్నీ కడుగుతారు. ఆర్టీడీ (టెంపరేచర్ కొలిచే సెన్సరు) తల మూత సరిగ్గా బిగించకపోతే నీళ్ళు దిగుతాయి. తడి వల్ల టెర్మినళ్ళ మధ్య కరెంటు పక్కదారి పట్టి, రీడింగు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అసలు పల్పు వేడిగానే ఉంటుంది. కంట్రోలర్ ఆ తప్పు రీడింగు నమ్మి నీళ్ళను ఇంకా వేడెక్కిస్తుంది, పల్పు రంగు మాడుతుంది. ఇది చూడడానికి ఆర్టీడీ వైర్లు విడదీసి రెసిస్టెన్స్ కొలవాలి. పీటీ 100 రకం ఆర్టీడీ అయితే 0 డిగ్రీల దగ్గర 100 ఓమ్స్, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓమ్స్. డిగ్రీకి దాదాపు 0.38. అంటే ఒక్క ఓమ్ తేడా రెండున్నర డిగ్రీల పైమాటే. మూడు వైర్లలో ఏది వదులైందో దాన్ని బట్టి రీడింగు పైకీ పోవచ్చు, కిందికీ పోవచ్చు. వైరు విడదీయడం "తిప్పే పని", కాబట్టి అతనే చెయ్యాలి. మీరు చేయదగ్గది టార్చి పట్టడం, రీడింగును గట్టిగా చదివి రాయడం, పక్కనే ఇంకో చోట ఉన్న థర్మామీటరుతో పోల్చడం.

ఇవన్నీ అతనికి తెలియదని కాదు. మూడో గంటలో మనిషికి తెలిసినవే గుర్తు రావు. ఒక అనుమానం పట్టుకుంటే చుట్టూ అదే తిరుగుతాడు. అందుకే మీరు ఇవ్వగలిగినవాటిలో విలువైనది రాతపుస్తకం. ఒక తెల్ల కాగితం, అట్ట, పెన్ను. సమయం, ఏం చేశాం, ముందు ఎంత, తర్వాత ఎంత. ఇట్లా:

"1.10. హెడర్ 5.2 బార్. వాల్వు తర్వాత 2.1.
1.18. పొజిషనర్ ఎయిర్ ఫిల్టరు నీళ్ళు వదిలాం. మార్పు లేదు.
1.25. ఆర్టీడీ మూత తీశాం. లోపల తడి. తుడిచాం. స్క్రీను 91 నుంచి 96."

కాగితం కింద భాగంలో ఒక గీత గీసి, "చూడలేదు, అనుకున్నాం" అని వేరే రాయండి. బాయిలర్ బాగానే ఉందని ఎవరో అన్నారు, ఎవరూ పోయి చూడలేదు; అది పైన కాదు, కింద ఉండాలి. ఫాల్టులు ఎక్కువసార్లు ఆ గీత కిందే దొరుకుతాయి.

ఆ కాగితం చేతిలో ఉంటే అరగంటకొకసారి ఒక మాట అడగొచ్చు: "తమ్ముడూ, మొదట్నుంచి ఒక్కసారి చెప్పు, నేను రాసింది సరిపోయిందో లేదో చూస్తా." అతను చెప్తుంటే మధ్యలో దూరొద్దు. చెప్పేటప్పుడే చాలాసార్లు "ఉండు, అది మనం చూడనేలేదు" అని తనే ఆగుతాడు. ఆగకపోతే, అతను చెప్పిందే తిరిగి చెప్పండి: "అంటే నీళ్ళ టెంపరేచర్ పడలేదు, పల్పుది పడింది, పంపు ప్రెషరు అట్లానే ఉంది, అంతేనా?" అభిప్రాయం కలపకుండా.

మీకూ ఒక ఆలోచన వస్తుంది. దాన్ని "ఆర్టీడీ పోయింటుంది, మార్చేయ్" అని చెప్పకండి. అందరి ముందూ అట్లా అంటే రెండు పక్షాలు తయారవుతాయి, ఇక ఫాల్టు కన్నా ఎవరు గెలిచారన్నది ముఖ్యమవుతుంది. చూసి తేల్చుకోగలిగిన ప్రశ్నగా అడగండి: "ఆర్టీడీలో తడి ఉంటే తక్కువ చూపిస్తుంది కదా, మూత తీసి చూసినామా?" జవాబు అవుననో కాదనో వస్తుంది, వాదన రాదు. ఒకసారికి ఒకటే అడగండి. మూడు ఆలోచనలుంటే మిగతా రెండూ కాగితం వెనక రాసి పెట్టుకోండి.

జనం సంగతి. వాళ్ళు అతని మీద పడకుండా చూడడం మీరు తప్ప ఎవరూ చేయలేని పని, దీన్ని చాలామంది పనిగానే లెక్కపెట్టరు. ప్యానెల్ ముందున్న మనిషిని పది నిముషాలకొకసారి "ఎంతసేపు పడుతుంది" అని అడిగితే, ప్రతిసారీ అతని తలలో ఉన్న గొలుసు తెగిపోతుంది, మళ్ళీ మొదట్నుంచి కూర్చుకోవాలి. సూపర్‌వైజరు దగ్గరికి మీరే పోయి చెప్పండి: "సార్, ప్రతి పదిహేను నిముషాలకు నేనే వచ్చి చెప్తా. అతన్ని అడగొద్దు." చెప్పిన సమయానికి నిజంగా పోవాలి, కొత్త సంగతి లేకపోయినా పోవాలి. ఒక్కసారి తప్పితే ఆయనే ప్యానెల్ దగ్గరికి వస్తాడు. వీలైతే టెక్నీషియన్ ఫోను కూడా మీరు తీసుకోండి, అడిగి.

చెప్పేటప్పుడు గంటల లెక్క నిజంగా చెప్పండి. "పది నిముషాల్లో అయిపోతుంది సార్" అంటే ఆయన పది నిముషాల్లో ఫిల్లింగు మొదలవుతుందనుకుంటాడు. హోల్డింగ్ ట్యూబు (వేడెక్కిన పల్పును కాసేపు అదే వేడిలో ఉంచే పైపు) దాటిన చోట టెంపరేచర్ పడిందంటే ఆ తర్వాత పైపులు ఇక స్టెరైల్ (క్రిములు లేనివి) కిందికి రావు. రిపేరు పది నిముషాలే అయినా, దాని తర్వాత కడగడం, వేడినీళ్ళతో మళ్ళీ స్టెరిలైజ్ చేయడం, చల్లార్చడం ఉంటాయి. మీ ప్లాంటులో అది ఎంతసేపో ఆపరేటర్ని అడిగి, రిపేరు సమయానికి కలిపి చెప్పండి.

ఇంకోటి, గేటు బయట ట్రాక్టర్లు చూసి అందరూ కంగారు పడతారు గానీ ఈ రాత్రికి అసలు గడువు అది కాదు. అందులో ఉన్నది పచ్చికాయ. దించినా మగ్గబెట్టే గదిలో కొన్ని రోజులుంటుంది. దామలచెరువు మండీ నుంచి వచ్చినా, నేరుగా తోట నుంచి వచ్చినా అంతే. గడువు ఉన్నది రెండింటికి: మగ్గిన కాయకు, ట్యాంకులో ఉన్న పల్పుకు. డైవర్ట్ అయిన పల్పు మళ్ళీ ట్యాంకులోకే వచ్చి, మళ్ళీ వేడెక్కి, మళ్ళీ తిరుగుతుంటే రంగూ వాసనా పోతాయి. నిలబెట్టి ఉంచితే పులవడం మొదలవుతుంది. కాబట్టి మీరు సూపర్‌వైజరును అడగాల్సినవి: పల్పర్ ఆపేశారా? లైను పల్పు బదులు నీళ్ళ మీదికి మార్చారా? ట్యాంకులో పల్పు ఎన్ని గంటలుగా ఉంది, చిల్లింగు ఉందా? ఈ మూడూ సర్దితే టెక్నీషియన్ నెత్తి మీద బరువు సగం దిగుతుంది, అతన్ని ఒక్క మాట అడక్కుండానే. రైతులకు వరసలో టోకెన్లిచ్చి, దించే పని ఆగలేదని చెప్పే మనిషిని గేటు దగ్గరికి పంపమనండి. ఊరకే నిలబెడితేనే కోపాలొస్తాయి.

అతను నిజంగానే ఎవరూ వద్దనుకుంటే? కొందరికి పని అట్లానే నడుస్తుంది. "సరే, నేను స్టోరు దగ్గర ఉంటా, 2.30కి వచ్చి పోతా" అని చెప్పి పక్కకు పొండి. స్పేరు ఆర్టీడీ, పొజిషనర్, ఫ్యూజులు ఉన్నాయో లేవో చూసి, పార్టు నంబరు డ్రాయింగుతో సరిపోల్చి, బయటపెట్టండి. మీటరు బ్యాటరీ, టార్చి ఛార్జింగు చూడండి. నీళ్ళ బాటిలు చేతికందే చోట పెట్టండి, తాగమని చెప్పొద్దు. తిండి లేకుండా నాలుగు గంటలు దాటితే మాత్రం టీ, బన్నుతో సరిపెట్టకుండా క్యాంటీన్లో ఏదన్నా ఉంచమనండి.

అతను వద్దన్నా మీరు ఆపాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది జంపరు, అంటే సిగ్నలును దాటవేసే అడ్డదారి వైరు. పై నుంచి ఒత్తిడి ముదిరాక ఎవరో ఒకరు అంటారు: "డైవర్ట్ సిగ్నలుకు జంపరు వేసి నడిపించేయండి, పొద్దున చూద్దాం." మామిడి పల్పు పుల్లనిది, ఆ టెంపరేచర్లో ఏమవుతుందిలే అని కూడా అంటారు. అయ్యేది ఏమిటంటే, 215 కిలోల సంచి డ్రమ్ములో మూతపడి, కొన్ని రోజుల తర్వాత లోపల ఈస్టు పెరిగి గ్యాసు పట్టి ఉబ్బుతుంది. అప్పుడు ఆ రాత్రి నింపిన డ్రమ్ములన్నిటి మీదా అనుమానమే. ఆ మాట వచ్చినప్పుడు ప్యానెల్ ముందున్న కుర్రాడు ఒంటరిగా కాదనలేడు. మీరు పక్కన నిలబడి, "సార్, అది క్వాలిటీ వాళ్ళు రాసి సంతకం పెడితేనే" అనండి. రాయమంటే చాలామంది వెనక్కి తగ్గుతారు.

రెండోది, తాళం. స్టీమ్ లైను విప్పుతుంటే ఐసొలేషన్ వాల్వుకు తాళం, ట్యాగు పడ్డాయా, లోపల ప్రెషరు వదిలారా అని మీరే కళ్ళతో చూడండి. కాస్టిక్ (కడిగే క్షారం) లైను అయితే కంటి అద్దాలు, చేతి తొడుగులు. మీరూ లైను దగ్గర చెయ్యి పెడుతుంటే మీ తాళం మీరు వేరేగా వేయండి. దీనికి అనుమతి అడగాల్సిన పని లేదు.

మూడోది, అతను అలసిపోవడం. దానికి గుర్తు: ఒకే రీడింగు మూడోసారి చూడడం, అడిగినదానికి కాకుండా వేరేదానికి జవాబు చెప్పడం, కాగితంలో ఉన్నదాన్ని "చూడలేదు" అనడం. "నువ్వు అలసిపోయినావు, పక్కకు రా" అంటే ఎవరూ రారు. "పది నిముషాలు నేను కూర్చుంటా, నువ్వు మొహం కడుక్కుని రా, ఈ లోగా నేనేమీ ముట్టుకోను" అనండి. చివరి మాట తప్పకుండా చెప్పండి. తను లేనప్పుడు ఎవరో తిప్పేస్తారన్న భయమే మనిషిని కుర్చీకి కట్టేస్తుంది. షిఫ్టు మారేటప్పుడు అప్పగింత ప్యానెల్ ముందే, కాగితం పెట్టుకుని, మీరూ అతనూ కొత్తగా వచ్చిన మనిషీ ముగ్గురూ నిలబడి చేయండి. ఫోనులో చెప్పుకుంటే "అనుకున్నవి" అన్నీ "చూసినవి" అయిపోతాయి.

మెషీను కంపెనీ ఇంజనీరును ఫోనులో పట్టుకుంటే మాట్లాడేది ఒక్కరే ఉండాలి, అది మీరైతే మంచిది. స్పీకరు పెట్టి, ఇంజనీరు చెప్పింది మీరు తిరిగి చెప్పి, టెక్నీషియన్ చేశాక రీడింగు మీరు చెప్పండి. ఫోను చేసే ముందే నేమ్‌ప్లేటు ఫోటో, అలారం స్క్రీను ఫోటో, రెండు గంటల ట్రెండ్ ఫోటో పంపి ఉంచితే మొదటి పావుగంట మిగులుతుంది.

టెంపరేచర్ నిలబడ్డాక అందరూ ఒక్కసారిగా వెళ్ళిపోతారు. మీరు ఉండండి. నీళ్ళ మీద కనీసం ఇరవై నిముషాలు నడిపి, రెండు గీతలూ ఒకే తీరున పోతున్నాయో లేదో చూడాలి. కాగితం మొదట్నుంచి చదివి, వేసిన జంపర్లు ఎన్ని, తీసినవి ఎన్ని లెక్క సరిపోవాలి. పీఎల్సీలో (మెషీన్ను నడిపే కంట్రోల్ కంప్యూటర్లో) ఫోర్స్ చేసిన బిట్లు, అంటే బలవంతంగా ఆన్ లేదా ఆఫ్‌లో పెట్టిన సిగ్నళ్ళు, ఏవైనా ఉంటే తీసేశారా? మాన్యువల్లో పెట్టిన కంట్రోలర్ మళ్ళీ ఆటోలోకి వచ్చిందా? బైపాస్ వాల్వు మూశారా? ఆర్టీడీ మూత గాస్కెట్టుతో సహా బిగించారా, లేక రేపు మధ్యాహ్నం కడిగేటప్పుడు మళ్ళీ తడుస్తుందా? రిపోర్టులో దొరికిన ఫాల్టుకు అతని పేరు, చూసిన రీడింగులకు మీ పేరు రాసి, ఆ కాగితం ఫోటో దానికి జత చేయండి.